కోవిషీల్డ్ కాగితంతో యూరప్ క్యూఆర్ కోడ్: నా అనుభవం

టీకా వేయించుకున్నట్టు క్యూఆర్ కోడ్‌తో చూపే యూరోపియన్ యూనియన్ డిజిటల్ కోవిడ్ సర్టిఫికెట్ 2021 జులై 1న అమల్లోకి వచ్చి, 2023 జూన్ 30తో ముగిసింది. హైదరాబాద్‌లో రెండు డోసులు కోవిషీల్డ్ వేయించుకుని జర్మనీలో ఆ సర్టిఫికెట్ తీసుకున్నాను. అప్పట్లో మనవాళ్లంతా అడిగిన ప్రశ్న: "యూరప్ కోవిషీల్డ్‌ని ఒప్పుకుంటుందా?" అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది: యూరప్ అంతటికీ ఒకే జవాబు లేదు.

టీకాను శాస్త్రీయంగా పరిశీలించేది ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూరోపియన్ మందుల సంస్థ. అక్కడ అనుమతి పొందింది ఆస్ట్రాజెనెకా వారి వాక్స్‌జెవ్రియా. కోవిషీల్డ్ ఫార్ములా కూడా అదే అయినా, దాన్ని మన దేశంలో తయారుచేసిన సీరం ఇన్‌స్టిట్యూట్‌కి అక్కడ విడిగా అనుమతి లేదు. ఇలాంటి మందుల్లో ఎక్కడ, ఎలా తయారైందన్నదీ అనుమతిలో భాగమే. డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర జాబితాలో మాత్రం కోవిషీల్డ్ 2021 ఫిబ్రవరి నుంచే ఉంది. ఆ జాబితాను ఒప్పుకోవాలా వద్దా అన్నది యూరప్‌లో ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకునేది. జర్మనీ, స్పెయిన్, ఐర్లాండ్ మొదట్లోనే సరేనన్నాయి, ఫ్రాన్స్ జులై మధ్యలో. కొవాగ్జిన్‌కి డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు 2021 నవంబర్‌లో వస్తే జర్మనీ ఒప్పుకున్నది 2022 జూన్‌లో. అందుకే దిగే దేశంతో పాటు, మధ్యలో ఇమిగ్రేషన్ దాటాల్సి వస్తే ఆ దేశం నిబంధనలూ చూసుకోవాల్సి వచ్చేది.

బయల్దేరే ముందు పని మన ప్రభుత్వ టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో ఉండేది. అక్కడ పాస్‌పోర్ట్ నంబర్ చేర్చి, పేరు అక్షరం అక్షరం సరిచూడాల్సి వచ్చేది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా: తెలుగువాళ్లకి తరచూ తగిలిన తంటా ఇదే. లాగిన్ ఓటీపీ మన ఫోన్ నంబరుకే వచ్చేది కాబట్టి సిమ్ రోమింగ్‌లో ఉంచుకోవాల్సి వచ్చేది. చివరి డోసు తర్వాత 14 రోజులు గడవాల్సి ఉండేది.

కోవిన్ క్యూఆర్‌ని యూరప్ యాప్‌లు చదవలేకపోయేవి. అక్కడి యాప్ ముందు కోడ్‌లోని డిజిటల్ సంతకాన్ని సరిచూసేది. అందుకు కావలసిన పబ్లిక్ కీలను (సంతకం అసలుదో కాదో తేల్చే కోడ్‌లను) సభ్యదేశాలు ఉమ్మడి గేట్‌వే అనే సర్వర్‌లో పెట్టేవి (మన వివరాలు అందులోకి వెళ్లేవి కావు). ఆ గేట్‌వేలో భారత్ చేరలేదు. కాబట్టి అక్కడి ఫార్మసీకి పాస్‌పోర్ట్, కోవిన్ ప్రింటు పట్టుకెళ్లి కొత్త కోడ్ చేయించుకోవాల్సి వచ్చేది. బయటి దేశాల్లో వేసిన టీకాకి సర్టిఫికెట్ ఇవ్వవచ్చని మాత్రమే నిబంధన చెప్పింది, ఇచ్చి తీరాలని కాదు. ఒకచోట కాదంటే వాదించకుండా ఇంకోచోట అడగడం మేలుగా ఉండేది.

ఫార్మసిస్టు వివరాలు చేత్తో టైపు చేసేవారు. కోవిన్ కాగితంలో ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేవి కావు కనుక అవి తారుమారయ్యేవి. 2/2 (రెండు డోసుల్లో రెండూ అయ్యాయని) ఉండాల్సిన చోట 1/2 పడేది. తర్వాత దిద్దడం కుదిరేది కాదు, మళ్లీ జారీ చేయాల్సి వచ్చేది. అందుకే కౌంటర్ దగ్గరే చూసుకోవాల్సి వచ్చేది.

2022 ఫిబ్రవరి 1 నుంచి ప్రయాణానికి రెండు డోసుల చెల్లుబాటు 270 రోజులే అయింది. బూస్టర్‌కి వెళ్లినప్పుడూ భారత్ కాగితం వెంట ఉండాల్సి వచ్చేది. అది చూపకపోతే ఫైజర్ బూస్టర్ 3/3గా కాక, మొదటి డోసుగా 1/2 అని నమోదయ్యే ప్రమాదం ఉండేది.