నరాల బలానికి మింగిన మాత్రలే నా నరాల్ని తిన్నాయి

మొన్న మంగళవారం గుంటూరులో నరాల డాక్టరమ్మకి మూడోసారి చూపించుకుని వచ్చాను. కాళ్ల మంట కాస్త తగ్గింది గానీ కడుపుమంట ఇంకా చల్లారలేదు. అది చల్లారేలోపే రాసేస్తున్నాను.

మాది తెనాలి. నాకు అరవై మూడేళ్లు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. షుగరు వచ్చి పదకొండేళ్లయింది. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా గ్రాము చొప్పున, పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ల. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. ఈ మూడు సంగతులూ గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

రెండేళ్ల కిందట కాళ్ల బొటనవేళ్ల దగ్గర తిమ్మిరి మొదలైంది. రాత్రి పడుకుంటే అరికాళ్లలో చీమలు పాకినట్టు, తెల్లవారుజామున నిప్పుల మీద నిలబడినట్టు. వీధి డాక్టరు చూసి "షుగరుంటే మామూలే మాస్టారూ" అని ఒక ఎర్ర గోళీ రాశాడు. పరీక్షలేమీ చేయించలేదు. ఇంకో పెద్ద డాక్టరైతే తల కూడా ఎత్తకుండా, మా ఆవిడ ముందే, "రోజుకి ఎన్ని పెగ్గులేస్తారు?" అన్నాడు. నేను వక్కపొడి కూడా వేసుకోను. తాగేవాళ్లకి నరాలు దెబ్బతింటాయని, ఆ ప్రశ్న అడగాల్సిందేనని ఇప్పుడు తెలిసింది. అయినా అడిగే తీరు ఒకటుంటుందిగా.

ఆ కోపంలో డాక్టర్ల జోలికి పోవడం మానేశాను. అసలు తప్పు అక్కడ జరిగింది.

ఒక మందుల షాపు ముందు షామియానా వేసి, ఉచిత పాద పరీక్ష అని బ్యానర్ కట్టారు. టై కట్టుకున్న కుర్రాడు బొటనవేలికి వణికే పరికరం ఆనించి, వణుకు ఎప్పుడు తెలిస్తే అప్పుడు చెప్పమన్నాడు. నాకు 31 వోల్టుల దగ్గర తెలిసింది. 25 దాటితే ప్రమాదమని ఎర్ర సిరాతో చుట్టి నా చేతికిచ్చాడు. పరికరం మంచిదే, షుగరు ఆసుపత్రుల్లోనూ వాడతారట. కానీ స్పర్శ ఎంత తగ్గిందో చెబుతుంది తప్ప ఎందుకు తగ్గిందో అది చెప్పదు. ఆ 'ఎందుకు' సంగతి కుర్రాడికి అక్కర్లేదు, చేతిలో క్యాప్సూల్స్ పెట్టె ఉంది. మూడు నెలలకి నాలుగు వేల ఎనిమిది వందలు పుచ్చుకున్నాడు.

ఇంతలో డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ఇక్కడ నరాలకని ప్రత్యేకంగా దొరుకుతాయి" అని రెండు పెద్ద డబ్బాలు పంపాడు. కోడలు తను వాడే బీ కాంప్లెక్స్ ఒకటి ఇచ్చింది. నీరసానికని మల్టీవిటమిన్ ముందునుంచీ ఉండనే ఉంది. ఇలా రోజుకి నాలుగు రకాలు. నేను లేబుళ్లు చదవకుండా ఏదీ మింగను. అమెరికా డబ్బా మీద ఒక విటమిన్‌కి ఎదురుగా 5,882 శాతం అని ఉంది. రోజుకి కావాల్సినదానికి ఇన్ని రెట్లా అని భయపడాల్సిందిపోయి, మందంటే ఇలా ఉండాలని మురిసిపోయాను. మా ఆవిడకి కూడా చూపించాను.

పద్నాలుగు నెలలు మింగాను. తిమ్మిరి తగ్గలేదు సరికదా, మోకాళ్ల కిందిదాకా పాకింది. కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగు ఇళ్ల దూరం నడిచేవాణ్ణి. ముఖం కడుక్కుంటూ కళ్లు మూస్తే తూలేవాణ్ణి. ఒక శనివారం ఆంజనేయస్వామి గుళ్లో కళ్లు మూసుకుని దణ్ణం పెడుతుంటే ముందుకు పడబోయాను. వెనకాయన భుజం పట్టుకుని ఆపి, "బీపీ చూపించుకోండి" అన్నాడు. తిమ్మిరి పెరిగినకొద్దీ ఇంకో క్యాప్సూల్ వేసుకుందామనే అనిపించేది.

చివరికి మా అబ్బాయి బలవంతం మీద గుంటూరు వెళ్లాం. వాడే మందులన్నీ సీసాలతో సహా తెమ్మన్నారు కాబట్టి సంచిలో వేసుకుని వెళ్లాను.

డాక్టరమ్మకి మా అమ్మాయి వయసుంటుంది. పక్కన ఇద్దరు హౌస్ సర్జన్లు. మోచేతి దగ్గర నరాలు నొక్కి చూసింది. కుష్టు ఉంటే అక్కడ నరం లావెక్కుతుందట, మన దేశంలో అది చూడకుండా వదలకూడదంది. శృతిదండం మోగించి చీలమండ మీద పెట్టింది. నాకు చల్లటి ఇనుము తగిలిందే గానీ కంపనం తెలియలేదు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంది. మూడు లెక్కపెట్టేలోపే ఆ కుర్రాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత సీసాలన్నీ టేబుల్ మీద వరసగా పెట్టి, కాగితం, పెన్ను నా వైపు జరిపింది.

"మీరు లెక్కల మాస్టారన్నారుగా. వీటన్నిట్లో కలిపి రోజుకి ఎంత బీ6 వేసుకుంటున్నారో కూడండి."

నాకు ఒక్క డబ్బా మీదే బీ6 అని కనిపించింది. అదే చెప్పాను. ఆవిడ పెన్ను కొనతో ఒక్కొక్కటే చూపించింది. క్యాంపు క్యాప్సూల్ మీద పైరిడాక్సిన్, అదీ బీ6 యే. అమెరికా డబ్బా మీద పీ5పీ, అదీ బీ6 యే. ఒకే సరుకుకి మూడు పేర్లు. నేను మూడు వేరువేరు బలాలనుకున్నాను.

ఒకదాని కింద ఒకటి రాశాను. అమెరికా డబ్బావి రోజుకి రెండు, 100. బీ కాంప్లెక్స్‌లో 50. క్యాంపువి రెండు పూటలా, 20. మల్టీవిటమిన్‌లో 3. గీత గీసి 173 మిల్లీగ్రాములు అని రాశాను.

"మీ వయసుకి రోజుకి ఎంత కావాలో తెలుసా మాస్టారూ? 1.7."

నూరు రెట్లకి పైన. కుర్రాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోడానికి దగ్గాడు. కూడికలో తప్పు చేసిన ఎంతమంది పిల్లల్ని బోర్డు పక్కన నిలబెట్టానో లెక్కలేదు. వాళ్లంతా ఆ గదిలో వరసగా నిలబడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

అయినా ఊరుకోకుండా, "బీ విటమిన్లు ఎక్కువైతే ఒంట్లోంచి పోతాయంటారు కదమ్మా, మూత్రం పచ్చగా పోతుంది కూడా" అన్నాను. ఆ పసుపు బీ2 దట. బీ6 మితిమీరి నెలల తరబడి వాడితే, వెన్నుపూసల పక్కన గుంపుగా ఉండే స్పర్శ నరాల కణాలు దెబ్బతింటాయట. అమెరికా వాళ్లు పెద్దవాళ్లకి రోజుకి 100 దాటొద్దంటారు. ఐరోపా వాళ్లు 2023లో తమ హద్దుని 12కి దించేశారు. దేనికోసం మింగుతామో అదే తిమ్మిరి, అదే మొద్దుతనం తెచ్చిపెడుతుంది. ఇంతకంటే మోసం ఇంకేముంటుంది!

మిగతా పరీక్షలూ అయిపోయాయి. నరాల కరెంటు పరీక్షలో స్పర్శ నరాలు బాగా తగ్గాయని, కండరాల్ని కదిలించే నరాలు బాగున్నాయని వచ్చింది. మూడు నెలల షుగరు సగటు 7.1. థైరాయిడ్ మామూలే. రక్తంలో బీ6 చాలా ఎక్కువ.

బీ12 దగ్గర మళ్లీ ఇరుక్కున్నాం. అది 2000 పైన ఉంది. మెట్‌ఫార్మిన్, గ్యాస్ బిళ్ల, శాకాహారం మూడూ బీ12 తగ్గడానికి దారులే, మొదట్లో అది తగ్గే ఉంటుందని ఆవిడ అనుమానం. కానీ ఏడాదికి పైగా బీ12 ఉన్న మాత్రలు మింగాక చేసిన పరీక్షలో ఏం తెలుస్తుంది? సాక్ష్యాన్ని నేనే తుడిచేశాను. ఇక్కడ మాత్రం గొప్పలు చెప్పుకోనివ్వండి. నా పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్లో ఉంటాయి. 2022లో చేయించిన రక్తపరీక్ష తీసిచ్చాను. అందులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సైజు, 104 ఉంది. 100 దాటకూడదు. బీ12 తగ్గితే కణాలు అలా ఉబ్బుతాయట. అప్పుడు ఆ కాగితం కింద సంతకం పెట్టినాయన ఆ అంకె వైపు చూసి ఉంటే నాకీ తిప్పలుండేవి కావు. డాక్టరమ్మ "మీ ఫైలు బావుంది మాస్టారూ" అంది.

సీసాలన్నీ ఆపించి, ఉత్త బీ12 గోళీ ఒక్కటే ఉంచింది. రాత్రి మంటకి ప్రీగాబాలిన్ 75 రాసింది. అది వేసుకున్న మొదటి వారం పొద్దున పదింటిదాకా మత్తే. నరాల మంటకని కొందరు వాడే ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ మాత్ర గురించి అడిగితే, కొందరికి పనిచేస్తుంది, ఒకసారి వాడి చూడొచ్చు అంది. చూశాను. గుండెల్లో మంట తప్ప ఏమీ ఒరగలేదు, మూడు వారాలకి మానేశాను. మా తోడల్లుడు దానికి దణ్ణం పెడతాడు, ఆయన ఇష్టం.

బీ6 ఆపాక మొదటి కొన్ని వారాలు ఇంకా పెరగొచ్చు, భయపడొద్దని ముందే చెప్పింది. నిజంగానే పెరిగింది. "ఏవండీ, మళ్లీ మొదలుపెట్టండి, ఆపాకే ఎక్కువైంది" అని మా ఆవిడ ఒకటే టెన్షన్. సీసాలు అటక మీద పెట్టించి నిచ్చెన పక్కింటికి పంపించేశాను. నెల దాటాక నెమ్మదించింది.

తిమ్మిర్లు వచ్చినవాళ్లు ముందు రక్తం ఇచ్చి, తర్వాతే గోళీ నోట్లో వేసుకోండి. షామియానా వేసిన చోట కాళ్లు చాపొద్దు. అమెరికా చుట్టాలు ఏం పంపినా, అన్ని డబ్బాల్లో ఉన్న బీ6 ఒకసారి కూడండి, లెక్కలు రాకపోతే పిల్లల చేత కూడించండి.

నాలుగో నెల నడుస్తోంది. మంట సగానికి దిగింది. ఎడమ చెప్పు ఇంకా జారుతూనే ఉంది, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొన్నాను. పోయిన శనివారం గుళ్లో, పక్కన అబ్బాయిని నిలబెట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకున్నాను. పదిహేడు దాకా లెక్కపెట్టాక తూలాను.