మెడ మీద మూపురం

ముందు తేడా జాకెట్టులో తెలిసింది. కంచరపాలెంలో 20 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, నా కొలతలు నాకు టేపు లేకుండానే వచ్చు. అలాంటిది దసరాకి కుట్టుకున్న జాకెట్టు వెనక మెడ దగ్గర ఎత్తిపట్టేసింది. గుడ్డ కుంచించుకుపోయిందనుకున్నాను. ఇంకోటి కుట్టాను, అదీ అంతే. మా వదిన వెనక నించుని చూసి, "ఏటే ఇది, ఎద్దు మూపురంలాగ!" అంది. మిషను మీద వంగి వంగి ఎముక పైకొచ్చిందేమో అనుకున్నాం. కానీ చెయ్యి పెడితే మెత్తగా ఉంది, నొప్పి లేదు.

అంతకు రెండేళ్ల ముందు నుంచి చేతివేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే కత్తెర పట్టలేకపోయేదాన్ని. వీధి చివర ఆర్‌ఎంపీ కాగితం పొట్లంలో మాత్రలు కట్టిచ్చాడు. స్ట్రిప్పు లేదు, పేరు లేదు. మూడో రోజుకి కత్తెర ఆడింది. అబద్ధం ఎందుకు, అతన్ని దేవుడే అనుకున్నాను. పొట్లం అవగానే ఇంకో పొట్లం. ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది, "ఒళ్లు చేశావే" అని అందరూ మెచ్చుకున్నారు. కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. మంచం కోడు తగిలినా చాలు, చర్మం కమిలిపోయేది. ఇవన్నీ ఒకే తీగకి కాసిన కాయలని నాకేం తెలుసు?

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీలో డాక్టరమ్మ నా మొహం చూస్తూనే "ఏం మాత్రలు వాడుతున్నావమ్మా?" అనడిగింది. పొట్లం చూపించాను. ఉదయం 8 గంటలకి రక్తం తీసి కార్టిసాల్ పరీక్ష చేశారు. బాగా తక్కువ వచ్చింది. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఆ హార్మోను తయారుచేస్తాయట. పొట్లంలో ఉన్నది స్టెరాయిడేనట, అంటే ఆ హార్మోనులాగే పనిచేసే మందు. అది బయటి నుంచి వచ్చిపడుతుంటే గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. ఆ స్టెరాయిడే కొవ్వుని మొహానికి, పొట్టకి, మెడ వెనక్కి చేరేస్తుంది. దీన్ని బఫెలో హంప్ అంటారని చెప్పింది. మన గేదెలకి మూపురం ఎక్కడిది! అమెరికాలో బఫెలో అంటే బైసన్, దానికి ఉంటుంది. మాకైతే వదిన అన్న మాటే సరిపోతుంది.

మాత్రలు ఒక్కసారిగా ఆపొద్దని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేను విన్నానా? కోపం పట్టలేక ఆ రాత్రే పొట్లం కాలవలో పారేశాను. నాలుగో రోజుకి వాంతులు, లేవబోతే కళ్లు బైర్లు. బీపీ పడిపోతే ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారు. అప్పుడు ఆ హార్మోను లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర పొద్దున 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5 మొదలుపెట్టి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. జ్వరమొస్తే మోతాదు పెంచాలని రాసిన కార్డు పర్సులో పెట్టుకు తిరిగాను. వేళ్ల నొప్పి కీళ్లవాతమని తేలి, దానికి వారానికి ఒక్కరోజు వేసుకునే మందు వేరే ఇచ్చారు. ఆ తొమ్మిది నెలలూ ఒళ్లంతా పచ్చిపుండే. రోజుకి ఒక్క జాకెట్టు పూర్తయితే గొప్ప.

మొహం తగ్గింది, పొట్ట తగ్గింది. మూపురం సగానికి తగ్గి ఆగిపోయింది. వెల్లకిలా పడుకోలేను, తలెత్తి ఫ్యాను చూడలేను. చీటీ పాడుకుని ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. "స్టెరాయిడ్ మానకముందు వచ్చుంటే తిప్పి పంపేవాణ్ణమ్మా. కారణం అలాగే ఉంటే తీసినా మళ్లీ పెరుగుతుంది" అన్నారాయన. లైపోమా అనే కొవ్వుగడ్డ అయితే సంచిలో ఉంటుంది కాబట్టి గడ్డలా బయటికి తియ్యొచ్చట. దీనికి సంచి లేదు, గొట్టంతో లాగాల్సిందే. నా గ్రంథులు మేలుకున్నాయని పరీక్షలో తేలాకే తేదీ ఇచ్చారు.

ఆ రోజు నన్ను నిలబెట్టి వీపు మీద పెన్నుతో గీతలు గీస్తుంటే నవ్వొచ్చింది. సుద్దతో గుడ్డ మీద నేను గీసేవీ అలాంటివే. తర్వాత బోర్లా పడుకోబెట్టి, సెలైన్‌లో లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపి మూపురంలోకి ఎక్కించారు. మొదటిది మొద్దుబార్చడానికి, రెండోది నాళాలు ముడుచుకుని రక్తం ఎక్కువ పోకుండా. మూడు గాట్లు, ఒక్కోటీ 4 మిల్లీమీటర్లు. బొత్తాం కాజా కంటే చిన్నవి. మెడ వెనక కొవ్వులో పీచు ఎక్కువ, పొట్ట కొవ్వులా తేలిగ్గా రాదు. అందుకని అల్ట్రాసౌండ్ కడ్డీతో ముందు వదులు చేసి, అప్పుడు సన్న గొట్టంతో లాగారు. మత్తుగా ఉన్నా తెలివిలోనే ఉన్నాను. నొప్పి లేదు గానీ, పాత బొంతలోంచి ఎవరో దూది పీకుతున్నట్టు గరగరా తెలుస్తూనే ఉంది. గంట పైనే పట్టింది. తీసిన కొవ్వు సీసాలో చూపించారు, పసుప్పచ్చగా 200 మిల్లీలీటర్లకి కాస్త పైన. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను.

మొదటి రాత్రి గాట్లలోంచి ఎర్రనీళ్లు కారి దుప్పటి తడిసిపోయింది. కారతాయని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే వదిన ఏడ్చేసేది. బిగుతు బనియను ఆరు వారాలు. మన విశాఖ ఉక్కలో వేసవైతే చచ్చేదాన్ని, మార్గశిరం కాబట్టి బతికిపోయాను. అయితే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లే మార్గశిర గురువారాలన్నీ ఆ ఏడాది పోయాయి. ఆ తోపులాటలోకి ఈ మెడతో ఎలా వెళ్తాను? తొమ్మిదో రోజుకి చర్మం కింద నీరు చేరి, నొక్కితే నీళ్ల సంచిలా కదిలింది. సూదితో రెండుసార్లు తీశారు. తిమ్మిరి మూడో నెల దాకా ఉంది, జడ తగిలినా తెలిసేది కాదు.

ఇప్పుడు ఫ్యాను చూడగలను. పాత జాకెట్లు విప్పి మళ్లీ కుట్టుకున్నాను. ఎడమ పక్క ఇంకా కాస్త ఎత్తుంది. కనబడదన్నారు డాక్టరు గారు. రోజూ వీపులు కొలిచేదాన్ని, నాకు కనబడుతుంది. ఆ పక్క పావు అంగుళం ఎక్కువ వదిలి కత్తిరించుకుంటున్నాను.