థేమ్స్ ఒడ్డున చెక్కల చప్పుడు

మా మేనకోడలు ఫోనులో రాసి పెట్టుకున్న జాబితా ప్రకారం ఆ సాయంత్రం మేం టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియంలో ఉండాలి. లోపలికి టికెట్ అక్కర్లేదు కాబట్టే అది జాబితాకెక్కింది. నది ఒడ్డున తిరిగే ఆ పెద్ద చక్రం ఎక్కుదామని మొదట అనుకున్నాం గానీ, మనిషికి ముప్పై పౌండ్ల పైమాటే అని తెలిశాక, కింద నుంచి చూసినా గుండ్రంగానే ఉంది కదా అని ముందుకు నడిచాం. దారిలో రెండు కాఫీలకు ఎనిమిది పౌండ్లు వదిలాయి. అవి చేదుగా ఉన్నాయో, బిల్లు చూశాక నాకలా అనిపించిందో చెప్పలేను.

రాయల్ ఫెస్టివల్ హాల్ దాటగానే వాన అందుకుంది. లండన్ వాన సంగతి తెలిసిందే, గట్టిగా పడదు, అలాగని వదిలిపెట్టదు. ఉన్న ఒక్క గొడుగూ ఇద్దరికీ చాలలేదు. పక్కనే క్వీన్ ఎలిజబెత్ హాల్ కింద ఓ పెద్ద ఖాళీ జాగా కనిపిస్తే అందులోకి దూరాం. లోపల చెవులు చిల్లులు పడేంత రొద. స్కేట్‌బోర్డుల గట్టి చక్రాలు కాంక్రీటు మీద గరగరమంటున్నాయి, చెక్కలు నేలకు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడంతా తక్కువ ఎత్తు కప్పుకు తగిలి మళ్ళీ మన మీదికే వస్తోంది. గోడలన్నీ గ్రాఫిటీ, గాలిలో స్ప్రే పెయింట్ వాసన. రెండు నిమిషాలు వాన తగ్గితే చాలు, బయటపడదాం అనుకున్నాను.

"ఇదే అత్తా అండర్‌క్రాఫ్ట్. స్కేటర్లకి పెద్ద ఫేమస్ ప్లేస్" అంది మేనకోడలు. అంత ఫేమస్ అయితే జాబితాలో ఎందుకు లేదని అడిగితే, "నీకు నచ్చదనుకున్నా" అంది.

పదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి గడ్డాలు నెరిసినవాళ్ళ దాకా అందరూ ఉన్నారు. వేగంగా వచ్చి, వాలుగా పోసిన కాంక్రీటు మీదికి ఎగబాకి, పైన గిరుక్కున తిరిగి దిగుతున్నారు. ఒకరికొకరు తగులుకోకపోవడం నాకు అర్థం కాలేదు. సిగ్నలూ లేదు, విజిలూ లేదు. కాసేపు చూశాక తెలిసింది, ఒకళ్ళు వెళ్తుంటే మిగతావాళ్ళు చెక్క మీద కాలేసి ఆగుతున్నారు. ఎవరి తర్వాత ఎవరో కళ్ళతోనే తేల్చుకుంటున్నారు.

నా చూపు ఒకమ్మాయి దగ్గర ఆగిపోయింది. పన్నెండేళ్ళుంటాయేమో. హెల్మెట్, మోకాళ్ళకు ప్యాడ్లు. బోర్డుతో సహా మెట్ల మీంచి కిందికి దూకాలని చూస్తోంది. పరుగెత్తుకు వస్తుంది, బోర్డెక్కుతుంది, దూకుతుంది. బోర్డొక పక్క, ఆ పిల్లొక పక్క. ఒకసారి తుంటి మీద పడిన చప్పుడు నాకు వినిపించింది. ఒక్కరూ "అయ్యో" అనలేదు, ఒక్కరూ పరుగెత్తుకు రాలేదు. అక్కడే ఒళ్ళు మండింది. పక్కన రెయిలింగుకు ఆనుకుని నిలబడ్డ పెద్దమనిషి తన తండ్రేనని తెలిశాక మరీను.

"మీరు వెళ్ళి పట్టుకోరా?" అని అడిగేశాను.

"నేను వెళ్తే రేపటి నుంచి నన్ను ఇక్కడికి రానివ్వదు" అని నవ్వాడాయన.

తర్వాత మాటలు సాగాయి. తనూ కుర్రతనంలో ఇక్కడే పడి లేచినవాడే. కూతురు చేస్తున్నదాన్ని ఆలీ అంటారనీ, వెనక కాలితో బోర్డు తోకను నేలకేసి కొట్టి, అది ఎగిరే క్షణంలో ముందు కాలిని పైకి ఈడవాలనీ, ఆ ఈడ్పు వల్లే బోర్డు కాళ్ళకు అంటుకున్నట్టు లేస్తుందనీ చెప్పాడు. బోర్డు పైన గరుకు కాగితంలాంటి పొర అతికించేది అందుకే. 1970ల చివర్లో ఫ్లోరిడాలో ఆలన్ గెల్‌ఫాండ్ అనే కుర్రాడు స్కేటింగ్ కోసం కట్టిన కాంక్రీటు గుంతల్లో కనిపెట్టిన విద్య ఇది. అతని ముద్దు పేరే దీనికి పెట్టారు. తర్వాత రాడ్నీ ములెన్ అనే స్కేటర్ దాన్ని చదునైన నేల మీద సాధించాడు. వీధుల్లో ఇప్పుడు కనిపించే ఆటంతా దాదాపు దాని మీదే నిలబడిందట. వినడానికి తేలిగ్గానే ఉంది. ఎదురుగా ఆ పిల్ల మళ్ళీ పడింది.

ఇంతకీ అందరూ ఈ చీకటి జాగాలోనే ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు బయట పడుతూనే ఉంది. తడి నేల మీద చక్రాలు జారతాయి, బేరింగులు తుప్పు పడతాయి, మేపుల్ చెక్క పొరలు నీళ్ళు పీల్చి మెత్తబడతాయి. లండన్‌లో పైకప్పున్న నున్నటి నేల, అదీ రూపాయి ఖర్చు లేకుండా, అంటే మాటలు కాదు. హాలు 1967లో తెరిచారు. కట్టినవాళ్ళకు స్కేట్‌బోర్డు ఊసే లేదు, ఈ వాలులు ఎందుకు పోశారో కూడా అక్కడున్న వాళ్ళెవరూ పట్టించుకోరు. 1970ల మొదట్లో అమెరికాలో పాలీయురేథేన్ చక్రాలు వచ్చాయి. అంతకుముందు మట్టి చక్రాలు చిన్న గులకరాయి తగిలినా ఆగిపోయి మనిషిని విసిరేసేవి. మెత్తటి కొత్త చక్రాలు నేలను పట్టుకోవడం మొదలెట్టగానే ఇక్కడి కుర్రాళ్ళ కళ్ళు ఈ వాలుల మీద పడ్డాయి. అప్పట్నుంచీ వాళ్ళు ఖాళీ చేయలేదు.

చేయించాలని చూడకపోలేదు. 2013లో ఈ హాళ్ళను నడిపే సౌత్‌బ్యాంక్ సెంటర్ వారు 12 కోట్ల పౌండ్ల విస్తరణ పథకం ప్రకటించారు. ఈ అండర్‌క్రాఫ్ట్‌లో దుకాణాలూ రెస్టారెంట్లూ పెట్టి, స్కేటర్లకు కాస్త దూరంలో హంగర్‌ఫర్డ్ బ్రిడ్జి కింద కొత్త చోటు కట్టిస్తామన్నారు. నిజం చెప్పొద్దూ, వినగానే నాకు సబబుగానే తోచింది. కొత్తది కట్టిస్తామంటుంటే పేచీ దేనికి? అదే ఆయనతో అన్నాను. ఆయన కోపగించుకోలేదు. కాలితో నేల మీద ఒక అతుకు చూపించాడు. ఇక్కడికి వచ్చేసరికి ప్రతివాళ్ళూ కాస్త బరువు వెనక్కి వేస్తారు చూడమన్నాడు. చూశాను. నిజంగానే వేస్తున్నారు, చిన్నపిల్లలతో సహా. ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పలేదు. స్కేటింగ్ కోసమని గీసి కట్టిన పార్కులో ఇలాంటి అతుకు ఉండదు. ఉన్నా దాన్ని నేర్చుకోవడానికి మళ్ళీ నలభయ్యేళ్ళు పడుతుంది.

స్కేటర్లు లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్ పేరుతో బల్ల వేసుకుని కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించారు. 27 వేలకు పైగా అభ్యంతరాలు దాఖలయ్యాయి. 2014 జనవరిలో అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ కూడా స్కేటర్ల పక్షానే మాట్లాడాడు. ఆ సెప్టెంబరులో రాజీ కుదిరి, చోటు వాళ్ళకే మిగిలింది. అంతటితో ఆగలేదు, ఎప్పుడో మూసేసిన భాగం కోసం విరాళాలు పోగేసి 2019లో దాన్నీ తెరిపించుకున్నారు. క్రికెట్ ఆడితే కిటికీ అద్దాలు పగులుతాయని పిల్లల్ని ప్రతి ఖాళీ స్థలం నుంచీ తరిమిన వీధిలో పెరిగినదాన్ని, నాకు ఈ గెలుపు కొంచెం ఎక్కువే నచ్చింది.

వచ్చేదారిలో ఒక ఆఫీసు ముందు రాతి అరుగుల అంచులకు వరుసగా ఇనప గుబ్బలు బిగించి ఉండడం చూసి, అలంకారం బాగాలేదే అనుకున్నాను. అవి స్కేటర్లు అంచు మీద బోర్డు జార్చి ఆడకుండా పెట్టినవట! నార్వే ఇంకా ఘనమైనది. 1978 నుంచి 1989 దాకా ఆ దేశంలో స్కేట్‌బోర్డు అమ్మడం, కొనడం, వాడడం అన్నీ నిషేధమే. కుర్రాళ్ళు అడవుల్లో దొంగచాటుగా ర్యాంపులు కట్టుకునేవారట. ఒక చెక్కకూ నాలుగు చక్రాలకూ ప్రభుత్వం అంత భయపడడం వింతే. అదే ఆట టోక్యోలో ఒలింపిక్స్‌కెక్కింది, స్కై బ్రౌన్ పదమూడేళ్ళకే బ్రిటన్‌కు కాంస్యం తెచ్చింది. ఈ పిల్ల హెల్మెట్ మీద అతికించిన స్టిక్కర్లలో ఒకటి ఆ అమ్మాయి బొమ్మే.

టేట్ మోడర్న్ మూసే వేళ అవుతోందని మేనకోడలు రెండోసారి గుర్తు చేసింది. వాన ఎప్పుడో వెలిసింది. "ఇంకొక్కసారి దూకనీ" అన్నాను. ఆ ఒక్కసారి చాలాసార్లయింది.

చివరికి దూకింది. బోర్డు కాళ్ళ కిందే ఉంది, చేతులు రెండూ గాల్లో ఊగాయి, ఒళ్ళు ముందుకు తూలింది, పడలేదు. చప్పట్లు కొట్టబోయి చుట్టూ చూశాను. అక్కడ చప్పట్లు కొట్టరు. అందరూ తమ బోర్డుల తోకలు పట్టుకుని నేల మీద టకటకా కొట్టారు. అంతే, ఎవరి ఆటలోకి వాళ్ళు. తండ్రి కేసి చూసి ఒక నవ్వైనా నవ్వుతుందనుకున్నాను. ఆ పిల్ల బోర్డు చంకన పెట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. ఆయన మాత్రం అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

బోర్డు చెక్క ఒక్కటే అరవై పౌండ్ల దాకా ఉంటుందట, గట్టిగా ఆడేవాళ్ళకు నెలల్లో విరుగుతుంది. విరిగిన వాటినేం చేస్తారంటే, వంతెన మీది నుంచి కిందికి చూడమన్నాడు. ఎలాగూ టేట్ మూసేశారు కనక హంగర్‌ఫర్డ్ మీదుగా నది అవతలి ఎంబాంక్‌మెంట్ వైపు నడిచాం. రైలు వంతెన పక్కన ఫుట్‌బ్రిడ్జి మీది నుంచి వంగి చూస్తే, నీళ్ళలో ఉన్న స్తంభం దిమ్మె మీద విరిగిన స్కేట్‌బోర్డులు గుట్టగా పడి ఉన్నాయి. రంగులు వెలిసినవి, చక్రాలతోనే ఉన్నవి, సగానికి చీలినవి. 1999లో ఇక్కడి పాత ఫుట్‌బ్రిడ్జి మీద ఇద్దరు కుర్రాళ్ళను కొట్టి నదిలోకి తోసేస్తే ఒకడు చనిపోయాడు. అతను స్కేటర్. బోర్డులు వేసే ఆచారం అతని జ్ఞాపకంగానే వచ్చిందని చెబుతారు.

"ఎంతైనా చెత్తే కదత్తా, నదిలో పడితే?" అంది మేనకోడలు. పర్యావరణం చదువుతోంది మరి. కాదనలేను. అయినా ఫొటోలు తీసింది తనే, నేను కాదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోనులో వెతికి, హార్న్‌చర్చ్‌లో రామ్ అనే స్కేట్‌పార్కు ఉందని తనే చెప్పింది. 1978లో కట్టిన కాంక్రీటు గుంతలు. 2014లో వాటిని గ్రేడ్ 2 వారసత్వ కట్టడంగా చేర్చారు, యూరప్‌లో ఒక స్కేట్‌పార్కుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

"రేపు అక్కడికి వెళ్దామా?"

"రేపు విండ్సర్ కోట. టికెట్లు కొనేశా."

"అదీ వారసత్వమే, ఇదీ వారసత్వమే. కోట ఎక్కడికీ పోదుగా!"

తను వినిపించుకోలేదు. మర్నాడు విండ్సర్‌కే వెళ్ళాం. దాని గురించి నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. రాళ్ళు బాగున్నాయి.