ఏ కాలు ముందు లేపాలి? నాలుగు కాళ్ల రోబోతో వైవా దాకా

నిన్ననే ఎక్స్‌టర్నల్ వైవా అయిపోయింది. రెండు రోజులు ఆగితే కోపం చల్లారిపోతుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ, మెకానికల్ ఫైనల్ ఇయర్, టీమ్‌లో నలుగురం. జంతువుల నడకను చూసి నాలుగు కాళ్ల రోబో చేస్తామని టైటిల్ ఇచ్చాం, ఒక్క రోజులో ఓకే అయింది. లిటరేచర్ సర్వేలో కాళ్లతో నడిచే రోబోల కోసం మార్క్ రైబర్ట్ 1980లో అమెరికాలో మొదలుపెట్టిన లెగ్ ల్యాబ్ నుంచి బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ల నాలుగు కాళ్ల రోబో స్టోచ్ దాకా రాశాం, ఎవరూ ఏమీ అడగలేదు. విజయవాడలో షాపులన్నీ తిరిగి కాలికి మూడు చొప్పున పన్నెండు సర్వో మోటార్లు (ఎంత కోణం చెబితే అంతే తిరిగి ఆగేవి) తెచ్చాం. అన్నీ ఒకేసారి కరెంటు లాగేసరికి వాటిని నడిపే కంట్రోల్ బోర్డు రీసెట్ అవుతుంటే మోటార్లకు సప్లై విడిగా ఇచ్చాం, ఆ గొడవా తీరింది.

సెకండ్ రివ్యూ మాత్రం జన్మలో మర్చిపోను.

ప్యానెల్‌లో ముగ్గురు, వెనక బెంచీల్లో మిగతా టీములన్నీ. స్విచ్ వేశాం, రోబో లేచి నిలబడింది. ఎడమ ముందు కాలు వేసింది, ఎడమ వెనక కాలు వేసింది, కుడి ముందు కాలు లేపిందో లేదో ఆ మూలకే ఒరిగి టేబుల్ మీద బోర్లా పడింది. పడినా మోటార్లు ఆగలేదు, కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి, నేను వైరు పీకేశాను. ప్యానెల్‌లో ఒక సార్ "ఏ కాలు తర్వాత ఏ కాలు? ఆ వరసే ఎందుకు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముందు కాలు పడితే వెనకది దాని వెంట వస్తుందని మేం అనుకున్నాం, అంతకుమించి జవాబు లేదు. అప్పుడాయన అందరికీ వినపడేలా "ఎంతకు కొన్నార్రా దీన్ని?" అన్నారు.

క్లాసంతా నవ్వింది. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ మా టీమ్‌లో అమ్మాయి ఆ అల్యూమినియం బ్రాకెట్లకు బెజ్జాలు వేసి, అంచులు ఆకురాయితో రుద్ది రుద్ది, రెండు వేళ్లకు ప్లాస్టర్ వేసుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ వేళ్ల వైపు ఒక్కసారైనా చూడకుండా అంత మాట ఎలా వస్తుంది? పడిపోయినందుకు మార్కులు తీసెయ్యండి, సంతోషంగా ఒప్పుకుంటాం. దొంగల్ని చెయ్యడం ఏం న్యాయం? జూనియర్లకు చెప్పేదొకటే, మొదటి రోజు నుంచి ప్రతి స్క్రూ బిల్లూ దాచండి, చేస్తున్నప్పుడు తేదీతో ఫొటోలు తీసుకోండి.

ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. నా రూమ్మేట్ నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్, వాడికి స్ట్రింగ్ థియరీ పిచ్చి, అంటే సృష్టిలో అన్నీ అతి చిన్న తీగల కంపనాలేననే ఫిజిక్స్ సిద్ధాంతం. పది డైమెన్షన్లలో మనకు తెలిసిన నాలుగూ పోగా మిగిలిన ఆరూ కలాబీ-యౌ ఆకారాల్లో ముడుచుకుని ఉంటాయని అర్ధరాత్రి లేపి చెప్పే రకం. వాడు పేపర్ మీద నాలుగు చుక్కలు పెట్టి, "ఒరేయ్, ఒక కాలు మొదటిదని పట్టుకుంటే మిగతా మూడింటికి ఉన్నవి ఆరు వరసలే, ముందు అవి లెక్కపెట్టు" అన్నాడు. వెతికితే మెక్‌గీ, ఫ్రాంక్ అనే ఇద్దరు సరిగ్గా ఇదే లెక్క 1968లోనే తేల్చేశారు. నిదానంగా నడిచే నాలుగు కాళ్ల వాటికి పడిపోకుండా అన్నిటికంటే భద్రమైన వరస ఒక్కటే, జంతువులు వాడేదీ అదే. స్ట్రింగ్ థియరీకి మూలమైన వెనెజియానో సూత్రం వచ్చిందీ ఆ 1968లోనే అని వాడు ఎగిరి గంతేశాడు.

నాకు మాత్రం కళ్లతో చూస్తేగానీ నమ్మకం కుదరలేదు. ఆదివారం ఊరెళ్లి బాబాయ్ గేదెలు కాలవ గట్టెక్కుతుంటే ఫోన్‌లో స్లోమోషన్ తీశాను. "బురదలోకి దిగేటప్పుడు తియ్యరా, అప్పుడైతే ఒక్కో కాలూ చూసుకుని వేస్తది" అన్నాడు బాబాయ్. ఆయన చెప్పినట్టే తీశా. ఎడమ వెనక గిట్ట బురదలోంచి చప్పుడు చేస్తూ ఊడి వచ్చి, ముందు గిట్ట ఉన్నచోటికి దాదాపు ఆనుకునేలా దిగింది, అది దిగుతుండగా ముందు గిట్ట లేచింది. తర్వాత కుడి వెనక, కుడి ముందు. వెనక కాలు ముందే దగ్గరికొచ్చి ఆసరాగా నిలబడుతుంది కాబట్టి, ముందు కాలు లేచినప్పుడు మిగిలిన మూడు కాళ్ల త్రికోణంలోనే బరువు ఉండిపోతుంది. మా వరసను తిరగేస్తే సరిగ్గా గేదె వరస! అంటే ఇన్నాళ్లూ మేం గేదె వెనక్కి నడిచే వరసతో రోబోను ముందుకు నడిపించాలని చూశామన్నమాట.

కోడ్‌లో మార్చింది ఒక్క లైను. రాత్రి రెండింటికి హాస్టల్ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి కూడా పడకుండా నడిచింది.

నిన్న ఎక్స్‌టర్నల్ కూడా అదే ప్రశ్న వేశారు. ఇరవై నిమిషాలు చెప్పాను, గేదె వీడియో చూపించాను, బోర్డు మీద త్రికోణాలు గీశాను. ఆయన కుర్చీలోంచి లేచొచ్చి రోబో పక్కన గొంతుక్కూర్చుని రెండుసార్లు నడిపించుకున్నారు.

చివర్లో ఆ రివ్యూ సారే వచ్చి, "బాగుంది, జూనియర్లకు పనికొస్తుంది, ల్యాబ్‌లో పెట్టి వెళ్లండి" అన్నారు. మేం నలుగురం మొహాలు చూసుకున్నాం. "ఇవ్వలేం సార్, సొంతంగా చేసుకున్నది" అని ఆ అమ్మాయే చెప్పింది. బిల్లుల ఫైలు ఆయన టేబుల్ మీద పెట్టి, రోబోను తువ్వాలులో చుట్టి బండి మీద ఇంటికి తెచ్చుకున్నాం.