సున్నా కూడా రాయాలి

ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చి నాలుగేళ్లయినా నా ఉద్యోగం ఏమిటో అమ్మకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. రాత్రిపూట రోడ్డు పక్కన మడత కుర్చీ వేసుకుని గబ్బిలాలు లెక్కపెడతాను. కొత్త రోడ్లు వేసేటప్పుడు, వేసిన తర్వాత, అక్కడి జంతువులకు ఏమవుతోందో చూసే కంపెనీలో పని. “గబ్బిలాలు లెక్కెట్టడానికి అంత దూరం ఎల్లావేట్రా నాయనా” అంటుంది అమ్మ. మాది శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు దగ్గర, సముద్రం ఒడ్డు ఊరు.

జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆలోపే వెళ్లి కూర్చోవాలి. గబ్బిలం అరుపు మన చెవికి అందదు. చేతిలో ఉండే డిటెక్టర్ దాన్ని వినపడేలా మారుస్తుంది. 45 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి కూర్చుంటే, చిన్న పిపిస్ట్రెల్ గబ్బిలం దగ్గరికి వస్తున్నప్పుడు తడి గచ్చు మీద అరచేత్తో కొట్టినట్టు టప్ టప్ మంటుంది. ఎన్ని గంటలకు వచ్చింది, ఎటు నుంచి ఎటు పోయింది, ఎంత ఎత్తులో రోడ్డు దాటింది, అన్నీ కాగితం మీద రాయాలి. అన్నిటికంటే ఎత్తు ముఖ్యం. లారీ ఎత్తులో దాటేది ఏదో ఒక రాత్రి లారీ కిందే పోతుంది.

మొదటి రాత్రి రెండు గంటలు కూర్చున్నా ఒక్కటీ రాలేదు. కాగితం ఖాళీగా ఇచ్చేశాను. మర్నాడు మా సీనియర్ దాన్ని తిరిగి నా చేతిలో పెట్టింది. ఖాళీగా ఉంటే నువ్వు చూడలేదని అర్థం, సున్నా ఉంటే చూశావు కానీ రాలేదని అర్థం, రెండూ ఒకటి కావు అంది. నాకు ఈ దేశంలో ఎవరైనా నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ సున్నా విలువ తర్వాత తెలిసింది. ఇంగ్లండ్‌లో రోడ్డు వేయడానికి చెట్ల వరసలు కొట్టేస్తే గబ్బిలాల దారి తెగిపోతుంది. అందుకని రోడ్డుకు అడ్డంగా, పైన తీగలు లాగి, గబ్బిలాల కోసం వంతెనల్లాంటివి కట్టారు. ఆ తీగల వెంట పైనుంచి దాటిపోతాయని ఆశ. కట్టినవాళ్లు మంచి మనసుతోనే కట్టారు, డబ్బు కూడా బాగానే పోశారు. లీడ్స్ యూనివర్సిటీకి చెందిన బెర్తినుస్సెన్, ఆల్ట్రింగ్‌హామ్ అనే ఇద్దరు ఉత్తర ఇంగ్లండ్‌లో అలాంటి నాలుగింటి దగ్గర కూర్చుని లెక్కపెట్టి, 2012లో ఫలితం అచ్చువేశారు. కట్టి తొమ్మిదేళ్లయిన చోట కూడా వాటిని వాడే గబ్బిలాలు చాలా కొద్ది. మిగతావాటిలో ఎక్కువ భాగం పాత దారినే పట్టుకుని బళ్ల ఎత్తులో దాటుతున్నాయి. అదే పరిశోధనలో రోడ్డు కింద కట్టిన ఒక సొరంగం దగ్గర మాత్రం 96 శాతం గబ్బిలాలు లోపలి నుంచే పోతున్నాయి. కారణం, ఆ సొరంగం సరిగ్గా వాటి పాత దారి మీద ఉంది. దారి మార్చి తీసుకొద్దామనుకున్న ఇంకో సొరంగం దగ్గర ఆ పని జరగలేదు.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో విలియం సదర్లాండ్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్లుగా ఇలాంటి ఫలితాలన్నీ ఒకచోట చేరుస్తోంది. జంతువుల కోసం చేసే ఏ పని పనిచేసింది, ఏది చేయలేదు, దేనివల్ల నష్టం జరిగింది అని. పనిచేస్తుందో లేదో ఇంకా తెలియనివి అని కూడా విడిగా ఒక వర్గం పెట్టారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

మొన్న మార్చిలో సెలవు మీద ఊరెళ్లాను. మా బావ ఒడ్డున తాబేళ్ల గుడ్లు పొదిగించే చోట పనిచేస్తున్నాడు. తెల్లారకముందే ఒడ్డంతా నడిచి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు తీసి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడతాడు. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలొస్తాయి. తట్టలో పట్టుకెళ్లి నీళ్ల అంచున వదిలితే, బొటనవేలంత పిల్లలు అలవైపు పాకుతుంటే, నాకూ గొంతు పట్టేసింది.

బావ నోటుబుక్కు చూశాను. ఎన్ని గుడ్లు పెట్టాం, ఎన్ని పిల్లలు వదిలాం. ఒక గూడుకి మాత్రం రెండో గడి ఖాళీ. అడిగితే చాలాసేపు చెప్పలేదు. “ఒక్కటీ రాలేదురా. రాస్తే బాగోదని...” అన్నాడు. ఆ గుడ్లు దూరంగా దొరికాయట, బండి మీద తెచ్చేసరికి బాగా పొద్దెక్కిందట. తాబేలు గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత కుదిపినా, తలకిందులు చేసినా చచ్చిపోతుంది. అదే కారణమని నేను చెప్పలేను. కానీ ఏ గంటకు తీశామో రాసి ఉంటే పది గూళ్లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం.

ఆ సాయంత్రం ఒడ్డున నడుస్తుంటే పెద్ద తాబేలు చచ్చి పడుంది, డిప్ప మీద ఈగలు. కొంచెం దూరంలో ఇంకొకటి. బోట్ల వలల్లో పడి ఊపిరాడక పోయుంటాయి అన్నాడు బావ. అప్పుడు చెప్పాను. 1987లో అమెరికాలో ముగ్గురు శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ అనే జాతి సముద్రపు తాబేళ్ల మీద లెక్కలు కట్టారు. గుడ్లన్నీ కాపాడినా తగ్గుదల ఆగదని, పెరిగిన తాబేళ్లు వలల్లో చావకుండా చూడడమే ఎక్కువ పనిచేస్తుందని తేలింది. రొయ్యలు వల చివరికి పోయి తాబేలు మాత్రం బయటపడేలా వల మెడలో ఇనుప చువ్వల చట్రం పెట్టడానికి ఆ లెక్క పెద్ద బలమైంది.

“అయితే గుడ్లు ఏరడం మానేమంటావేటి?” అన్నాడు. ముఖం చిన్నబోయింది. కాదు బావా, నువ్వు మానేస్తే రేపే కుక్కలు తినేస్తాయి, కానీ చచ్చినవాటినీ రాయి అన్నాను. వదిలిన పిల్లల లెక్క ఒక్కటే ఉంటే పై ఊళ్లవాళ్లు అంతా బాగుందనుకుంటారు.

మే నెలలో ఒకరోజు తెల్లవారుజాము సర్వే ముగించుకుని, చలికి చేతులు రుద్దుకుంటుంటే వాట్సాప్ మోగింది. ఇక్కడ నాలుగున్నర, అక్కడ తొమ్మిది. నోటుబుక్కు ఫొటో. కొత్తగా రెండు గడులు గీశాడు: తీసిన టైము, చచ్చి కొట్టుకొచ్చినవి. ఆ వారమంతా రెండో గడిలో సున్నాలే. ఖాళీ గూడు దగ్గర కూడా సున్నా వేశాడు.

“చేపల వేట నిషేధం కదా, బోట్లు కదల్లేదు, అందుకే సున్నా అంటావా?” అని వాయిస్ మెసేజ్.

ఇప్పుడే అనలేం బావా, ఈ నెలకి తాబేళ్లు కూడా చాలావరకు వెళ్లిపోయుంటాయి, బోట్లు తిరిగే ఫిబ్రవరి లెక్క పక్కన ఉంటేనే తెలుస్తుంది అని పంపాను.

కాసేపటికి జవాబొచ్చింది. “సరే, జనవరి నుంచి రోజూ రాస్తాను. ఇంకో నోటుబుక్కు కొంటాను.”