ఏడు నెలల తర్వాత మళ్ళీ ఎడమ సీట్లో

పోయిన అక్టోబర్‌లో ఒకరోజు తెల్లవారుజామున మంచం మీద కుడివైపుకి తిరిగానో లేదో గదంతా గిర్రున తిరిగింది. ఎండలో ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరిగినట్టు కాదు, ఫ్యాను గోడ కిటికీ అన్నీ కలిసి ఒకే వైపుకి పరిగెడుతున్నట్టు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని పడుకున్నా, అరనిమిషానికి ఆగింది, లేచి కూర్చుంటే మళ్ళీ మొదలు, ఇక వాంతి. ఆ శనివారానికి టెక్సస్‌లోని డెంటన్ ఎయిర్‌పోర్టులో సెస్నా 172, అంటే ఎడమవైపు పైలట్ సీట్లో కూర్చుని నేనే నడిపే చిన్న విమానం, బుక్ చేసుకుని ఉన్నా. కాస్త తేరుకోగానే ముందు ఫోన్ తీసి ఆ బుకింగ్ క్యాన్సిల్ చేశా, డాక్టర్‌కి ఫోన్ చేసింది ఆ తర్వాతే.

ఇండియాకి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ "పైత్యం చేసిందిరా, పరగడుపున అల్లం రసంలో తేనె వేసుకుని తాగు" అంది. తాగాను. ఇంటి దగ్గర క్లినిక్‌లో చెవిలో గుబిలి ఉందని కడిగి, తల తిరగడం తగ్గడానికి మెక్లిజిన్ అనే మందు రాసిచ్చి పంపారు. అది వేసుకుంటే మత్తుగా పడుకోవడం తప్ప ఏం లేదు, పైగా పైలట్లు వేసుకుని ఎగరకూడని మందుల్లో అదొకటి. ఇంకో రెండు వారాలు అలాగే గడిచాక ఈఎన్‌టీ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపుకి 45 డిగ్రీలు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. రెండు మూడు సెకన్లు ఏం లేదు. తర్వాత గది తిరగడం మొదలైంది, ఆవిడ మాత్రం నా కళ్ళలోకే చూస్తూ "కళ్ళు మూసుకోకండి, మీ కనుగుడ్లు కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది, అదే నాక్కావాలి" అంది. నా లోపల జరిగేది ఇంకొకళ్ళకి బయటికి కనిపిస్తుందంటే ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

బీపీపీవీ అంటారు దీన్ని. లోపలి చెవిలో యుట్రికల్ అని చిన్న సంచీ, దాంట్లో సన్నటి స్ఫటికాలుంటాయి, సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే. అవి ఊడిపోయి పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారితే, తల కదిలించినప్పుడల్లా ఆ గొట్టంలో ద్రవాన్ని కదిలిస్తాయి, మెదడేమో మనం గిరగిరా తిరుగుతున్నాం అనుకుంటుంది. మందు లేదు, తల ఒక వరసలో తిప్పి ఆ స్ఫటికాల్ని వెనక్కి సంచీలోకి జార్చడమే. ఎప్లీ పద్ధతి అంటారు. ఆ రోజే రెండుసార్లు చేసింది, సాయంత్రానికి తగ్గింది. కానీ డిసెంబర్‌లో మళ్ళీ వచ్చింది, ఫిబ్రవరిలో ఇంకోసారి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అమెరికాలో విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ రూల్ 61.53 ప్రకారం జేబులో మెడికల్ సర్టిఫికెట్ ఉన్నా సరే, నడపలేని జబ్బు ఏదన్నా ఉందని మనకి తెలిస్తే ఎగరకూడదు. ఎవరూ వచ్చి ఆపరు. విమానం తాళాలు ఇచ్చే అబ్బాయి నా చెవి చూడడు. మొత్తం మన మీదే వదిలేశారు. నేను ఆ ఏడు నెలలు ఒక్కసారి కూడా వెళ్ళలేదు, కానీ మధ్యలో బాగున్న వారాల్లో ఎంత అనిపించిందో, "పది రోజులైంది కదా ఏం కాదులే" అని. తోటి పైలట్ ఒకతను మెడికల్ ఫారంలో ఇదంతా రాయొద్దన్నాడు, అనవసరంగా పేపర్లు అడుగుతారని. 18వ ప్రశ్నలో కళ్ళు తిరగడం గురించి సూటిగానే అడుగుతారు. అవును అని పెట్టా, మూడుసార్లు ఎప్పుడెప్పుడు వచ్చిందో రాశా, ఈఎన్‌టీ రిపోర్టులు జత చేశా. కొన్ని వారాలు ఆలస్యమైంది, అయితే అయింది. ఆ ఫారంలో అబద్ధం రాసి నా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గాల్లోకి ఎలా వెళ్తాను?

మే నెలలో సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్ళా. రెక్కల కింద డ్రెయిన్లలోంచి పెట్రోల్ శాంపిల్ తీసి వెలుతురులోకి ఎత్తి చూస్తే ఆ లేత నీలం రంగు, అడుగున నీటి బొట్టేమన్నా ఉందా అని వెతకడం, ఆ వాసన, ఏడు నెలల తర్వాత చేతులకి అన్నీ వాటంతటవే గుర్తొచ్చాయి. వంగి లేచినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి చూసుకున్నా.

రే రాబర్ట్స్ లేక్ అనే చెరువు మీదకి వెళ్ళాక ఇన్‌స్ట్రక్టర్ స్టీప్ టర్న్స్ చేయించాడు, అంటే విమానాన్ని 45 డిగ్రీలు పక్కకి వంచి తిప్పడం, బాగానే వచ్చాయి. తర్వాత నుదుటి మీద హుడ్ పెట్టించాడు, బయట ఏమీ కనపడదు, ఎదురుగా గేజీలు మాత్రమే. కళ్ళు మూసుకుని తల దించుకోమని విమానం తను తీసుకుని ఏదేదో తిప్పి, "ఇప్పుడు నువ్వు తీసుకో" అన్నాడు. కళ్ళు తెరిచి, విమానం ఎటు వంగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ చూసి రెక్కలు సమం చేశా. సమంగానే ఉంది, గేజీలన్నీ అదే చెప్తున్నాయి, కానీ ఒళ్ళంతా ఎడమవైపుకి తిరిగిపోతున్నట్టు ఉంది. గుండె జారిపోయింది నాకు. మళ్ళీ వచ్చింది, ఇక జన్మలో ఎగరలేను అనుకున్నా. ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పేశా, నేను తిరుగుతున్నట్టుంది, విమానం మీరు తీసుకోండి అని. ఆయన తీసుకుని "నాకూ అలాగే ఉంది" అన్నాడు.

ట్రైనింగ్‌లో చదువుకున్నదే. ఒకే తీరున తిరుగుతూ ఉంటే ఓ 20 సెకన్లకి చెవిలో ద్రవం కూడా ఆ వేగం అందుకుని, తిరగడం ఆగిపోయినట్టు అనిపిస్తుంది, నిజంగా ఆపినప్పుడేమో దానికి వ్యతిరేక దిశలో తిరుగుతున్నట్టు ఉంటుంది. 1999లో అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్ కెనెడీ జూనియర్ రాత్రిపూట సముద్రం మీద విమానం కూల్చుకున్నది ఇలాంటి భ్రమలోనే, ఆయన చెవికి జబ్బేం లేదు. జబ్బు లేని చెవి చేసే పనే అది. ఇన్ని నెలలు ఒంట్లో ఏ కాస్త తేడా వచ్చినా జబ్బే అనుకుని, ఆరోగ్యంగా ఉంటే ఎలా ఉంటుందో మర్చిపోయా నేను. "ఇంకోసారి చేద్దామా?" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. నాలుగుసార్లు చేశాం. నాలుగోసారి కూడా ఒళ్ళు అలాగే లాగింది, గేజీలు చూస్తూ కూర్చున్నా, పది పదిహేను సెకన్లలో అదే సర్దుకుంది.

అదే రోజు మూడు ల్యాండింగులు చేశా, మొదటిది గట్టిగా తగిలింది, మూడోది నాకు నచ్చింది. రూల్ ప్రకారం 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు ఉంటే మనుషుల్ని ఎక్కించుకోవచ్చు. కానీ నాకది చాలదు. మూడు నెలలు ఏ లక్షణమూ లేకుండా ఒక్కడినే ఎగిరితే తప్ప మా ఆవిణ్ణి, పిల్లల్ని ఎక్కించుకోను అని చెప్పా. "ఎప్పుడంటే అప్పుడే, తొందరేముంది" అంది తను.

ఎయిర్‌పోర్టుకి వెళ్ళే రోజు పొద్దున్నే మంచం మీద కుడివైపుకి తిరిగి ముప్పై లెక్కపెడతా, తర్వాత ఎడమవైపుకి. పోయిన నెల ఒకసారి పన్నెండు దగ్గర గోడ కాస్త కదిలినట్టు అనిపించింది, నిజమో భయమో తెలీదు, బుకింగ్ క్యాన్సిల్ చేసి మూడు నెలల లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టా. అది దాటితే మొదట గెయిన్స్‌విల్ అనే ఊరు వెళ్దామంటున్నారు పిల్లలు. రెడ్ రివర్ పైనుంచి చూడాలట.