చెయ్యెత్తినోళ్ళు

ఇది 2024 జూలై. నిన్న రాత్రి టీవీలో, మిల్వాకీలో జరుగుతున్న రిపబ్లికన్ కన్వెన్షన్ (అధ్యక్ష పదవికి ట్రంప్‌ని నిలబెట్టే పార్టీ సభ) పెట్టుకుని చూస్తున్నా. పార్టీ టికెట్ కోసం ట్రంప్ మీదే పోటీ చేసిన నిక్కీ హేలీ స్టేజ్ ఎక్కి ట్రంప్‌కి నా గట్టి మద్దతు అంటోంది, కాల్పుల్లో గాయపడ్డ చెవికి తెల్ల కట్టుతో ఆయన కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు, ఆ సీలింగూ ఆ లైట్లూ చూస్తుంటే ఎక్కడో చూశానే అనిపించింది, ఆగి ఆలోచిస్తే ఇదే ఫైసర్వ్ ఫోరం, పోయినేడు ఆగస్టులో పార్టీ టికెట్ కోసం, ట్రంప్ లేకుండా ఎనిమిది మంది నిలబడి డిబేట్ చేసింది ఇక్కడే.

ఆ రోజు నాకు బాగా గుర్తు ఎందుకంటే 2023 ఆగస్టు 23, పొద్దున్నే ఏడున్నరకి డాలస్‌లో మా ఇంట్లో చంద్రయాన్-3 దిగడం చూశాం. అప్పుడు మా బాపు హన్మకొండ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు, విక్రమ్ దిగింది అనగానే ఉప్మా ప్లేట్ పక్కన పెట్టేసి టీవీకి దండం పెట్టాడు. రాత్రి ఎనిమిదింటికి నేను ఫాక్స్ పెడితే "పొద్దున మంచిది చూసినం, గిప్పుడు గిదేంది" అన్నాడు, అన్నాడు కానీ రెండు గంటలూ కదల్లేదు.

వాళ్ళెవరు, ఎందుకు నిలబడ్డారు అని చెప్పడానికే నాకు పావుగంట పట్టింది. పార్టీ రూల్ ఏంటంటే పోల్స్‌లో ఒక్క శాతమన్నా ఉండాలి, కనీసం 40 వేల మంది చందా ఇచ్చుండాలి, ఆఖరికి పార్టీ ఎవర్ని నిలబెడితే వాళ్ళకే సపోర్ట్ చేస్తానని సంతకం పెట్టాలి. అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్‌కి 40 వేల మంది దొరక్క, డాలర్ చందా ఇస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఇస్తానని ఆఫర్ పెట్టి స్టేజ్ ఎక్కాడు. ఇది చెప్తే మా బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. "మన దిక్కు ఓటుకు పైసలిస్తరు, వీళ్ళు చందా ఇచ్చినోనికి కూడ ఎదురిస్తున్నరా?"

నిజం చెప్పాలంటే నేను మొదటి నుంచీ నమ్మకం లేకుండానే చూశా. పోల్స్‌లో ఎవరికీ అందనంత దూరంలో ఉన్న మనిషి రానే లేదు, సరిగ్గా అదే టైమ్‌కి ఫాక్స్ మాజీ యాంకర్ టకర్ కార్ల్‌సన్‌తో ఇంటర్వ్యూ వదిలాడు, ఇంక వీళ్ళు ఎవరితో పోటీ పడుతున్నట్టు? రెండో ప్లేస్ కోసం కొట్లాట. బాపు మాత్రం ఒప్పుకోలేదు. దానికి రెండ్రోజుల ముందే కేసీఆర్ తెలంగాణ భవన్‌లో కూర్చుని 119 సీట్లకి 115 పేర్లు ఒకేసారి అనౌన్స్ చేశాడు. "ఆయన లిస్టు సదివిండు, అయిపాయె. ఎవలన్న అడిగిన్రా ఎందుకియ్యలేదని? వీళ్ళు కనీసం నలుగురు చూస్తుంటె లొల్లి పెట్టుకుంటున్నరు, గదే నయం" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, టికెట్ కోసం బీ-ఫారం చేతికొచ్చేదాకా గుండె పట్టుకుని తిరిగే మన లీడర్లు గుర్తొచ్చారు.

లొల్లి అయితే బాగానే అయింది. ఇండియన్ మూలాలున్న వ్యాపారి వివేక్ రామస్వామి వచ్చీ రాగానే ఈ వింత ఇంటిపేరు బక్కోడెవడని అనుకుంటున్నారు కదా అని మొదలెట్టాడు, అది ఒబామా 2004లో అన్న మాటే, న్యూజెర్సీ మాజీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ వదల్లేదు, నువ్వు ఛాట్‌జీపీటీలా మాట్లాడుతున్నావ్ అని పట్టుకున్నాడు. ఉక్రెయిన్ మాట వచ్చినప్పుడు హేలీ అయితే నీకు విదేశాంగం అనుభవం లేదు, అది కనిపిస్తూనే ఉంది అని మొహం మీదే అనేసింది. మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గోల, మనోడు దుమ్ము లేపాడని. ఏ మనోడో నాకర్థం కాలేదు, నెల తిరక్కముందే హెచ్‌1బీ లాటరీ ఎత్తేస్తానన్నాడు ఈ మనోడు, ఆయన పెట్టిన కంపెనీకే అవే వీసాలు 29 అప్రూవ్ అయ్యాయని పేపర్లో వచ్చింది. ఇప్పుడదే గ్రూప్ ట్రంప్ ఉపాధ్యక్షుడిగా ఎంచుకున్న వాన్స్ భార్య ఉష మనమ్మాయే అని మొదలుపెట్టింది, సర్లే.

కానీ ఆ రెండు గంటల్లో నాకు మిగిలింది కొన్ని సెకన్లే. డిబేట్ నడిపిన ఫాక్స్ యాంకర్ బ్రెట్ బేయర్ అడిగాడు, ట్రంప్‌కి కోర్టులో శిక్ష పడినా పార్టీ ఆయన్నే నిలబెడితే మీరు సపోర్ట్ చేస్తారా, చేసేవాళ్ళు చెయ్యెత్తండి. వివేక్ చెయ్యి ఠక్కున లేచింది. ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ అటు చూశాడు, ఇటు చూశాడు, అప్పుడు ఎత్తాడు. అంతకుముందే క్లైమేట్ ప్రశ్నకి చేతులెత్తమంటే మేమేం స్కూల్ పిల్లలమా అని గద్దించింది ఈయనే! ఎక్కాలు రాని పిల్లాడు పక్క పలక చూసి రాసినట్టే ఉంది, నేను రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూశా. క్రిస్టీ చెయ్యెత్తాడో వేలు ఊపాడో ఆయనకే తెలియాలి, ఆసా హచిన్సన్ ఎత్తలేదు, మిగతా వాళ్ళందరూ ఎత్తారు. ట్రంప్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన మైక్ పెన్స్ కూడా. 2021 జనవరి 6న కాపిటల్ మీద పడ్డ ట్రంప్ మద్దతుదార్ల గుంపు తనని ఉరి తియ్యమని అరిచిన సంగతి తెలిసిన మనిషి. మా బాపుకి ఆ స్టేజ్ మీద ఆయనొక్కడే నచ్చాడు, మా హెడ్‌మాస్టర్ లెక్క నిలబడ్డడు అని.

ఆ తర్వాత పార్టీ పెట్టిన డిబేట్లు ఇంకో మూడు అయ్యాయి, ట్రంప్ దేనికీ రాలేదు, పార్టీ అభ్యర్థికి మొదట ఓటేసే అయోవాలో సగం ఓట్లు పట్టుకుపోయాడు. వివేక్ అదే రాత్రి తప్పుకుని జై కొట్టాడు, డిశాంటిస్ ఇంకో వారానికి. మార్చిలో ఆ సంతకానికి నేను కట్టుబడి లేనన్న హేలీ, నిన్న అదే హాల్లో. డిశాంటిస్, వివేక్ కూడా నిన్ననే మాట్లాడారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్న ఆనవాలే లేదు.

ఇదంతా అవుతుంటే హన్మకొండ నుంచి బాపు వీడియో కాల్. అక్కడ పొద్దున్నే, చేతిలో చాయ్ గ్లాసు.

"గీమెనే గద ఆ పిలగాణ్ణి తిట్టింది?"

"ఆ, ఆమే బాపు."

"మరి గా తెల్ల జుట్టాయనేడి, హెడ్‌మాస్టరు?"

పెన్స్ రాలేదని, మార్చిలోనే నేను ట్రంప్‌కి సపోర్ట్ చెయ్యలేనని చెప్పేశాడని చెప్పా. బాపు గ్లాసు కింద పెట్టాడు.

"గాయన గూడ చెయ్యెత్తిండు గదరా?"